డిస్కులు మార్చినా ఆగని వణుకు: ఒక జెడ్4 బుష్షుల కేసు

బండి మా షెడ్డుకి వచ్చేసరికే దానికి చాలా డబ్బు పెట్టేశారు. ముందు డిస్కులు కొత్తవి, ప్యాడ్లు కొత్తవి, ముందు టైర్లు రెండూ కొత్తవి. గ్లవ్ బాక్సులో మూడు వీల్ అలైన్‌మెంట్ కాయితాలు మడతపెట్టి ఉన్నాయి. మూడింట్లోనూ అంకెలన్నీ ఆకుపచ్చ రంగులోనే, అంటే కొలతలన్నీ సరిగ్గా ఉన్నట్టే. అయినా 90లో బ్రేకు తొక్కితే స్టీరింగ్ గడగడా వణుకుతూనే ఉంది.

బీఎండబ్ల్యూ జెడ్4, ఈ85 తరం, 2006 మోడల్, 3.0 ఎస్ఐ. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఆరు సిలిండర్ల ఇంజన్, తోసేవి వెనక చక్రాలు. ఇంగ్లండులో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒకాయన తనతో తెచ్చుకున్న బండి అది. ఆయన దగ్గర కొన్న రెండో ఓనరు చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మనిషి. తోతాపురి కాయ దిగే రోజుల్లో ఆయనకి అన్నం తినే తీరిక ఉండదు, బండి కవరు కింద పడుకుంటుంది. సీజన్ అయిపోయాక ఆగస్టులో ఫోన్ చేశాడు.

"అన్నా, ఎనబై దాటినాక బ్రేక్ కొడితే స్టీరింగ్ కొట్టుకుంటా ఉండాది. మొగిలి ఘాట్‌లో మలుపు మధ్యలో యాక్సిలేటర్ వదిల్తే ఎనకాల ఎవురో పక్కకి తోసినట్టుండాది. మూడు తూర్లు అలైన్‌మెంట్ చేపిచ్చినా."

ఆ మాటల్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. బ్రేకు వణుకు ముందు బుష్షులది (చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు కీళ్ళు), పక్కకి తోయడం వెనకవాటిది. అంతకుముందు బండి చూసినవాళ్ళు ‘వణుకు’ అన్న మాట దగ్గరే ఆగిపోయి డిస్కులు మార్చారు. రెండో మాట ఎవరూ చెవిన పెట్టినట్టు లేదు.

నేను స్పోర్ట్స్ కార్ల మనిషిని కాను. రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకి రోజూ వచ్చేవి కొండకి తిరిగే ట్యాక్సీలు. తిరుమల నుంచి దిగే దారి 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, 36 మలుపులు. కిందికి 40 నిమిషాల కన్నా ముందు చేరకూడదని టైమ్ చూస్తారు కాబట్టి అంతసేపూ బ్రేకు మీద కాలుపెట్టి స్టీరింగ్ తిప్పుతూ దిగాల్సిందే. మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం. బుష్షులు చావడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. వాటి గురించి నాకు తెలిసిందంతా ఆ ట్యాక్సీలు నేర్పిందే.

అవి నేర్పిన మొదటి సంగతి, బుష్ బేరింగ్ కాదని. బయట ఒక ఇనప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు. బయటిది ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది. లోపలిది బోల్టుతో చాసిస్ వైపు బిగుసుకుంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడితే ఏ గొట్టమూ జారి తిరగదు. మధ్యలో రబ్బరు మెలిపడి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఆర్మ్‌ని బట్టి అది ఒకవైపు మెత్తగా, ఇంకోవైపు గట్టిగా ఉండేలా లోపల ఖాళీలు వదిలి పోస్తారు. ఆ ఖాళీలు చూసి "పీస్‌లో రబ్బరు తక్కువుంది" అని వాపసు పంపిన పార్ట్స్ షాపులు కూడా నాకు తెలుసు.

మెలి అన్నది అర్థమైతే మిగతాదంతా దాని వెనకే వస్తుంది. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఆ రబ్బరులో మెలి ఉండకూడదు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి కిందికి దించిన క్షణంలోనే రబ్బరు మెలిపడిపోతుంది. నిలబెట్టి ఉంచినా మెలే. గుంతలో పడితే దాని మీద ఇంకో మెలి. ఏళ్ళు రావాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది. "డూప్లికేట్ వేశావు సామీ" అని మా ట్యాక్సీ డ్రైవర్లు గొడవకొచ్చిన బుష్షుల్లో చాలావరకు ఒరిజినల్ పీసులే. వేలాడదీసి బిగించినవి, అంతే.

చూసిన తీరు

బండిని చిత్తూరు నుంచి మిట్టమధ్యాహ్నం బయల్దేరి రమ్మన్నా. దానికో కారణం ఉంది. ఈ85లో, ఒక్క ఎం మోడల్ తప్ప, స్టీరింగ్‌కి హైడ్రాలిక్ పంపు ఉండదు, ఎలక్ట్రిక్ మోటారే. ఎండలో హైవే మీద చాలాసేపు తిన్నగా నడిచాక ఆ స్టీరింగ్ నడిమధ్యలో అతుక్కున్నట్టు అవుతుంది. చిన్న సవరింపుకి కదలదు, కాస్త బలం పెడితే ఒక్కసారిగా ఎక్కువ తిరుగుతుంది. ఈ మోడల్‌కి పేరున్న జబ్బే. డ్రైవరుకి మాత్రం అదీ ‘బండి లైన్‌లో పోవడం లేదు’ అనే అనిపిస్తుంది. చల్లబడ్డాక చూస్తే ఏమీ దొరకదు. అందుకే వేడి మీదే తీసుకుని చంద్రగిరి వైపు నేనే నడిపా. స్టీరింగ్ సాఫీగానే ఉంది. ఆ అనుమానం పోయింది.

మిగిలింది బ్రేకు. 60లో తొక్కితే ఏమీ లేదు. 90 నుంచి మెల్లగా తొక్కితే 85 దగ్గర మొదలై 70 దగ్గర ఆగిపోతోంది వణుకు. గట్టిగా తొక్కితే వణుకు తక్కువ, ఎడమకి లాగుడు ఎక్కువ. డిస్కు వంకరైతే పెడల్ కూడా కాలికింద కొట్టుకోవాలి. ఇక్కడ పెడల్ ప్రశాంతంగా ఉంది, స్టీరింగ్ ఒక్కటే ఆడుతోంది. డిస్కులు పాపం ఏ తప్పూ చేయలేదు.

షెడ్డుకి తెచ్చాక లిఫ్ట్ ఎక్కించకుండా నేల మీదే ఒక పని చేశాం. ఎడమ ముందు చక్రం వెనక, కాస్త లోపలికి, ఒక ఇటుకకి ఫోన్ ఆనించి స్లో మోషన్‌లో వీడియో పెట్టాం. మా కుర్రాడు బండిలో కూర్చుని రెండడుగులు ముందుకి పోనిచ్చి బ్రేకు, రెండడుగులు వెనక్కి పోనిచ్చి బ్రేకు. నలుగురం వీడియో చూశాం. బ్రేకు పడగానే లోయర్ ఆర్మ్ వెనక కొస పక్కకి గంతేస్తోంది, వదలగానే మళ్ళీ వెనక్కి. లిఫ్ట్ మీద వేలాడదీసి లివర్ రాడ్‌తో పొడిస్తే కనిపించని ఆట, బరువు మీద ఉన్నప్పుడు అంత స్పష్టంగా కనిపించింది.

ఈ బండి ముందు ఆర్మ్ నెలవంక ఆకారంలో ఉంటుంది. ఒక కొస చక్రం దగ్గర బాల్ జాయింట్ (గోళీలా ఎటైనా తిరిగే కీలు), నడుమ ఇంజన్ కింది బీముకి ఇంకో బాల్ జాయింట్, వెనక కొస మాత్రం ఒక పెద్ద బుష్‌లోకి పోతుంది. ఆ బుష్ కూర్చునే బ్రాకెట్ గరిటెలా ఉంటుంది, రెండు బోల్టులతో బాడీకి బిగుస్తుంది. మొత్తం ఏర్పాటులో రబ్బరు ఉన్నది అక్కడొక్కచోటే. బ్రేకు వేస్తే రోడ్డు చక్రాన్ని వెనక్కి తోస్తుంది, ఆర్మ్ నడిమి జాయింట్ చుట్టూ తిరగబోతుంది, దాన్ని ఆపేది ఆ బుష్షే. ఆపకపోతే చక్రం వెనక్కి జరిగి, దాని మూతి పక్కకి తిరుగుతుంది. కొత్త డిస్కులో కూడా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బాగున్న బుష్ దాన్ని మింగేస్తుంది, పోయిన బుష్ స్టీరింగ్ దాకా మోసుకొస్తుంది.

అలైన్‌మెంట్ కాయితాలు పచ్చగా ఉండటం కూడా వింతేమీ కాదు. ఆ మెషీన్ నిలబడి ఉన్న బండిని కొలుస్తుంది. నిలబడి ఉన్న బండికి జబ్బు లేదు.

లిఫ్ట్ ఎక్కించి ఎడమ బ్రాకెట్ విప్పితే అసలు సంగతి చేతికొచ్చింది. బుష్షులు ఎనిమిది నెలల కింద ఒక చోట మార్చినవేనట, బిల్లు కూడా ఉంది. రబ్బరు నిజంగానే కొత్తది, ఒక్క పగులు లేదు. కానీ ఆర్మ్ కొసన ఉండే ఆరు పలకల పిన్ను మీద బుష్ ఉండాల్సిన చోటు కన్నా ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జారి ఉంది. అది ఖాళీ చేసిన భాగం అద్దంలా మెరుస్తోంది. వేలితో రాస్తే నల్లటి గ్రీజు. ఎక్కడం కష్టమైందని పిన్నుకి గ్రీజు పూసి నెట్టేశారు. ఈ బుష్ పిన్నుని రబ్బరుతోనే కరిచి పట్టుకోవాలి. గ్రీజు పూస్తే ఆ పట్టు ఎప్పటికీ రాదు. పైగా పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఇది ఉబ్బి, మెత్తబడి, తేనెలో నానిన ఖర్జూరంలా ఉంది.

వెనక చక్రాల దగ్గర ఇంకో రకం. అక్కడ టైరు లోపలి అంచు మీద చెయ్యి ఒకవైపు రాస్తే నున్నగా, తిప్పి రాస్తే రంపంలా గుచ్చుకుంటోంది. బయటి అంచున ఇంకా సగం గాడి మిగిలుంది. ఈ బండిలో వెనక ట్రెయిలింగ్ ఆర్మ్, చక్రం హబ్బు ఒకే ముక్క. ఆర్మ్ ముందు కొసన ఒకే ఒక్క బుష్. పక్కనుంచి పైనొక లింక్, కిందొక లింక్. అంటే వెనక చక్రం ఎటు చూడాలో తేల్చేది ఆ ఒక్క బుష్షే. లివర్ పెట్టి పక్కకి నొక్కితే ఆర్మ్ దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు కదిలింది, రబ్బరులో అరచుట్టు చీలిక నోరు తెరిచింది. లివర్ తీయగానే నోరు మూసుకుంది. టార్చి వేసి చూసి ‘బాగుంది’ అనేవాళ్ళని తప్పు పట్టలేం. మలుపులో యాక్సిలేటర్ వదిలితే బరువు ముందుకి పోతుంది, ఆర్మ్ పక్కకి జరుగుతుంది, వెనక చక్రం తనంతట తాను కాస్త తిరుగుతుంది. మొగిలి ఘాట్‌లో ఆయన్ని తోసింది అదే.

ఓనరు తెచ్చిన డబ్బా

ఇక్కడికి ఇది రిపేరు. అప్‌గ్రేడు అన్నది ఆయన మనసులో ముందునుంచే ఉంది. కారులోంచి ఒక అట్టపెట్టె తీసి టేబుల్ మీద పెట్టాడు. విదేశం నుంచి తెప్పించుకున్న పాలీయురెథేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) బుష్షుల సెట్టు, ముందువి, వెనకవి, ఊదారంగు.

"మొత్తం ఇవే ఏసేయన్నా. లైఫ్ టైమ్ అంట."

పాలీ చెడ్డదని నేననను. రోడ్డు వాడకానికి చేసే పాలీ షోర్-ఏ అనే గట్టిదనం కొలతలో సుమారు 80, ట్రాక్ కోసం చేసేవి 95 దాకా. కార్ల బుష్ రబ్బరు మామూలుగా దీనికన్నా మెత్తన. పాలీ గట్టిగా ఉంటుంది, నూనెకి చెడదు, చిరగదు. కానీ అది పనిచేసే పద్ధతి వేరు. పాలీ దేనికీ అతుక్కుని ఉండదు. మధ్యలో స్లీవు దాంట్లో జారుతూ తిరుగుతుంది. అంటే రబ్బరు బుష్ మెలి తిరిగితే పాలీ బుష్ నిజంగానే తిరుగుతుంది, బేరింగులాగా. ఒకే గీత చుట్టూ తిరిగే చోట దివ్యంగా ఉంటుంది. ఆర్మ్ తిరుగుతూ పక్కకి కూడా వంగాల్సిన చోట మాత్రం పాలీ ఒప్పుకోదు. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ సరిగ్గా అలాంటిదే. చక్రం పైకి లేస్తున్నప్పుడు పై లింకూ కింది లింకూ దాన్ని పక్కకి లాగుతాయి, ముందు కొసలో బుష్ ఒంపు తిరగాలి.

ఇదంతా టీ తాగుతూ చెప్పా. ముందువాటికి ఒప్పుకున్నాడు: పాలీ కాదు, లోపల ఖాళీలు లేని గట్టి రబ్బరు రకం, బ్రాకెట్‌లో ముందే ఎక్కించి వచ్చేవి. ఈ85కి, ఈ46 త్రీ సిరీస్‌కి ముందు బుష్ ఒకటే కావడంతో చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రెండు రోజుల్లో దొరికాయి. వెనకవాటికి మాత్రం మొండికేశాడు. డబ్బు పెట్టి తెప్పించుకున్నవి, ఎలా వద్దనగలడు. "ట్రాక్ బండ్లకి కూడా ఇవే ఏస్తారన్నా" అన్నాడు. వేస్తారు, నిజమే. ట్రాక్ బండి నెలకొకసారి విప్పుతారు అని నేను గట్టిగా అనాల్సింది. అనలేదు. సరే సార్ అన్నా. అది నా తప్పు.

ముందువైపు

విప్పకముందే బండి నేల మీద ఉండగా హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి గోడ మీద చాక్‌పీస్‌తో రాసుకున్నా: ముందు ఎడమ 352, కుడి 350 మిల్లీమీటర్లు. ఈ కొలత తీసుకోని రోజే అవసరం పడుతుంది.

పాత బ్రాకెట్లు పుల్లర్‌తో లాగేశాం. పిన్నుని పెట్రోలుతో, తర్వాత బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, తెల్లటి గుడ్డతో తుడిచా. గుడ్డ తెల్లగా వచ్చేదాకా. కొత్తది ఎక్కించడానికి గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్ళలో కలిపింది చాలు. అది ఆరిపోయాక రబ్బరు పిన్నుని కరుచుకుంటుంది. అందుకే ఈ పనికి టైముంది: ఎక్కించిన అరగంటలోపు బండి బరువు చక్రాల మీద పడాలి. ఏ కోణంలో ఆరిపోతే ఆ కోణమే దాని విశ్రాంతి. ఇక్కడ బోల్టు వదులు చేసి మళ్ళీ బిగించే అవకాశం ఉండదు.

రెండు వైపులా ఎక్కించి, బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి, చక్రాలు తగిలించబోతుండగా కరెంటు పోయింది.

మాది టూ-పోస్ట్ లిఫ్ట్. దించాలంటే ముందు ఒక అంగుళం పైకెత్తి లాక్ విడిపించాలి. ఎత్తడానికి కరెంటు కావాలి. జనరేటరు పక్క షెడ్డువాళ్ళది, వాళ్ళు భోజనానికి పోయారు. పావుగంట అప్పటికే అయిపోయింది. పొడుగు స్క్రూ స్టాండ్లు రెండు ఉన్నాయి, గేర్‌బాక్స్ దించేటప్పుడు వాడేవి. ఒక్కో హబ్బు కింద ఒక్కోటి పెట్టి, గోడ మీది అంకెలు చూసుకుంటూ ఇటొకడు అటొకడు తిప్పుతూ పైకి లేపాం. ఎడమ 352 రాగానే ఆపి, కుడివైపు వెళ్ళి టేపు పెట్టి చూస్తే 356. మళ్ళీ తిప్పాం. చెమట కళ్ళలోకి కారుతోంది. కుడి 350కి తెచ్చేసరికి 27 నిమిషాలు. అలాగే వదిలేసి పోయి మేమూ అన్నం తిన్నాం. కరెంటు సాయంత్రం నాలుక్కి వచ్చింది.

వెనకవైపు, మొదటిసారి

పాలీ ఎక్కించడం తేలికే. రబ్బరు బుష్ తీయడమే కష్టం. బయట కొంతమంది గ్యాస్ కట్టర్‌తో రబ్బరు కాల్చి తీస్తారు. పక్కనే బ్రేకు పైపు, ఏబీఎస్ సెన్సార్ వైరు ఉన్న చోట మంట పెట్టేవాడికి నేను బండి ఇవ్వను. లేత్ దగ్గర రెండు కప్పులు తిప్పించి, పొడుగు మరబోల్టుతో లాగించాం. ఆర్మ్‌ని పట్టుకునే వెనక బ్రాకెట్ మూడు బోల్టులతో బాడీకి బిగుస్తుంది. ఆ రంధ్రాలు కోలగా ఉంటాయి, వెనక టో (చక్రం మూతి లోపలికో బయటికో ఎంత తిరిగి ఉండాలన్న లెక్క) సెట్టింగ్ అక్కడే. విప్పేముందు చుట్టూ గీత గీసుకోవాలి, ఎంత గీసుకున్నా చివర్లో అలైన్‌మెంట్ తప్పదు.

సిలికాన్ గ్రీజు దట్టంగా పట్టించి బిగించాం, అలైన్‌మెంట్ చేయించాం, బండి ఇచ్చేశాం. మర్నాడే ఫోన్. ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. వణుకు లేదు, తోపుడు లేదు, బండి పట్టాల మీద పోతున్నట్టుందన్నాడు. నేనూ పొంగిపోయా. పాలీ గురించి అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నా.

ఏడో వారం బండి మళ్ళీ గేటు దగ్గర కనిపించింది. కనిపించక ముందే వినిపించింది. స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే వెనకనుంచి ఊయల గొలుసు చప్పుడు, కిర్రు కిర్రు. "గుడ్డ టాపు దించితే జనాలు తిరిగి చూస్తాండారన్నా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది చప్పుడు కన్నా ముఖ్యం: భాకరాపేట ఘాట్‌లో గతుకున్న మలుపులో వెనక చక్రాలు రోడ్డుని పట్టుకోకుండా ఎగిరెగిరి పక్కకి పోతున్నాయట. హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరినవాడు సగం దారిలో వేగం తగ్గించేశాడు.

చప్పుడుకి కారణం దుమ్ము. గ్రీజు ఎండి, మా రోడ్ల ఎర్రమట్టి దాంట్లో కలిసి ఇటుకపొడి ముద్దలా అయింది. దాన్ని శుభ్రం చేసి మళ్ళీ గ్రీజు పెడితే ఇంకో రెండు నెలలు వస్తుంది. రెండోది గ్రీజుతో పోయేది కాదు. స్ప్రింగు తీసేసి, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి, ఆర్మ్‌ని చేత్తో పైకి లేపి చూశా. మొదటి రెండంగుళాలు తేలిగ్గా వచ్చింది. ఆ తర్వాత తుప్పుపట్టిన గేటులా బరువెక్కింది. వదిలితే అక్కడే నిలబడింది, కిందికి రాలేదు. స్ప్రింగు, షాక్ చేయాల్సిన పనిని బుష్ అడ్డుకుంటోంది. నున్నటి హైవే మీద ఆ రెండంగుళాలు దాటి లేవాల్సిన అవసరం రాదు, అందుకే మొదటిరోజు పట్టాల మీద పోయినట్టుంది. గతుకులో చక్రం ఇంకా లేవాలి, లేవలేకపోతోంది, కాబట్టి బండే లేస్తోంది.

ఆయనకి కూడా ఆర్మ్ చేతికిచ్చి లేపమన్నా. రెండుసార్లు లేపాడు. "తీసేయన్నా" అన్నాడు.

రెండోసారి

ఈసారి మామూలు రబ్బరు బుష్షులే, ఒరిజినల్ తయారీవి, వాటికి రెండువైపులా లిమిటర్ వాషర్లు. ఇది ఈ46 మీద ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న ఉపాయం, నేను కనిపెట్టింది కాదు. వాషరు బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందుని నింపుతుంది. రబ్బరు మెలి తిరగడానికి, కాస్త ఒంపు తిరగడానికి అడ్డు రాదు, పక్కకి జరగబోతే మాత్రం ఆపుతుంది. మనకి పనికొచ్చే కదలికని వదిలి, పనికిరానిదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఆ పాలీ సెట్టు ధరలో నాలుగో వంతు కూడా కాదు.

బుష్షులు రాత్రంతా మా ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టా, గొట్టం వెంట్రుకవాసి కుంచించుకుంటే ఎక్కడం సులువు. పిల్లల ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన ఇనప ముక్కలేమిటని మా ఆవిడ చేసిన గొడవ ఇక్కడ అనవసరం.

ఈ బుష్ బోల్టుని కూడా బండి కిందికి దించాక బిగిద్దామంటే కుదరదు. బ్రాకెట్ బాడీకి ఎక్కాక బోల్టు తలకి పాన పట్టదు. బ్రాకెట్‌ని ఆర్మ్‌కి ముందే బిగించి, ఆ తర్వాత రెండూ కలిపి బాడీకి ఎక్కించాలి. మరి నేల మీద ఉన్నప్పటి కోణం గాల్లో ఎలా తెలుస్తుంది? దీనికి కంపెనీవాళ్ళకి ప్రత్యేకమైన టూల్ ఉంది. మాకు చెప్పుల డబ్బా అట్ట ఉంది. విప్పకముందు బండిని నాలుగు చక్రాల మీద ర్యాంపు ఎక్కించి, నేను కింద పడుకుని, ఆర్మ్ పై అంచుకీ బ్రాకెట్ అంచుకీ మధ్య కోణానికి సరిపోయేలా ఆ అట్టని కత్తిరించా. మూడో అట్టకి సరిగ్గా కుదిరింది. ఎడమదాని మీద ‘ఎ’, కుడిదాని మీద ‘కు’ అని రాశా. బల్ల మీద బ్రాకెట్ బిగించేటప్పుడు ఆ అట్ట సందులో కూర్చుంటేనే టార్క్ రెంచ్ క్లిక్‌మనిపించాం. అన్నీ ఎక్కించి దించాక మళ్ళీ కిందికి దూరి అట్ట పెట్టి చూశా. కుడివైపు గోరు పట్టేంత సందు ఉంది, ఎడమది అచ్చు అతికినట్టు. చాలు.

ఈసారి స్ప్రింగు ఎక్కించకముందు ఆర్మ్‌ని చేత్తో లేపిన పరీక్ష మళ్ళీ చేశాం. లేపినకొద్దీ సమానంగా బరువు పెరిగింది, వదలగానే మెత్తగా తన చోటికి వచ్చి ఆగింది. మా కుర్రాడు నాలుగైదుసార్లు ఆడించి చూశాడు, వాడికి ఏ క్లాసు చెప్పినా అంత అర్థమయ్యేది కాదు.

రెండోసారి లేబర్ తీసుకోలేదు. బుష్షులు, వాషర్లు, అలైన్‌మెంట్ డబ్బులు ఆయనే ఇచ్చాడు. సగం నేను పెట్టుకుంటానంటే వినలేదు, ఆ తర్వాత ఒక డబ్బా గుజ్జు కూడా పంపించాడు.

అప్పటినుంచి ఆరువేల కిలోమీటర్ల పైన తిరిగింది. భాకరాపేట ఘాట్‌లో ఆయన పక్కన కూర్చుని నేనే వెళ్ళా. గతుకు మలుపులో వెనక ఒక్కసారి కుంగి లేచి ఊరుకుంటోంది. 100 నుంచి బ్రేకు తొక్కితే చేతులు వదిలేసినా తిన్నగానే ఆగుతోంది. అలా వదలమని నేను చెప్పలేదు, ఆయనే చూపించాడు, నాకు గుండె ఆగినంత పనైంది. వెనక టైరు లోపలి అంచు మీద రంపం పోయింది. ముందు గట్టి రబ్బరు వల్ల సిమెంటు రోడ్డు మీద గుయ్యిమనే చప్పుడు కాస్త పెరిగింది, అది ఉంటుంది. నిజానికి ప్రయాణం సుఖపడింది బుష్షుల వల్ల కొంతే. కంపెనీ ఇచ్చిన రన్-ఫ్లాట్ టైర్ల (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) పక్కగోడలు రాయిలా ఉంటాయి, వెనకవి కూడా అరిగాక మామూలు టైర్లు వేయించాడు, ఆ మెత్తదనం అందులోంచి వచ్చింది. స్టెప్నీ లేని బండి కాబట్టి ఇప్పుడు పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసరు డిక్కీలో మోస్తున్నాడు.

ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ కొరుకుడుగానే ఉంది. ముందు ఆర్మ్‌ల బాల్ జాయింట్లు ఆ రోజు బాగానే ఉన్నాయని వదిలేశా. మొన్న సర్వీసుకి వస్తే కుడివైపు బయటి జాయింట్‌లో సన్నగా ఆట మొదలైంది. ఈ బండిలో జాయింట్లు ఆర్మ్‌తోనే వస్తాయి, ఆర్మ్ మారిస్తే బుష్‌ని పిన్ను మీంచి లాగాలి, లాగిన బుష్ మళ్ళీ పనికిరాదు. అంటే అంత కష్టపడి 350కి తెచ్చి ఆరబెట్టిన బుష్ చెత్తబుట్టకే. పంతొమ్మిదేళ్ళ జాయింట్లని ‘బాగున్నాయి’ అని ఎందుకన్నానో నాకే తెలీదు. వచ్చే నెల రెండు ఆర్మ్‌లూ కలిపి మారుస్తున్నాం, ఈసారి పక్క షెడ్డు జనరేటరు తాళం ముందే తీసుకుని పెట్టుకుంటా.

ఊదారంగు బుష్షులు తీసుకుపొమ్మంటే ఓనరు వద్దన్నాడు. రెండు ఇంకా షెల్ఫులో ఉన్నాయి. మిగతా రెండూ మా కుర్రాడు షెడ్డు కంప్రెసర్ కాళ్ళ కింద పెట్టాడు. అది ఆడుతున్నప్పుడు నేల అదరడం తగ్గింది.